నలుపెక్కని చోటు

ఎవరికైనా ధైర్యం చెప్పబోతే నాకు ఇప్పటికీ మా పోచంపల్లి బడి ఇంగ్లీషు మేడం ప్రశ్నే అడ్డొస్తుంది: "చూసినవా?"

ఆమె జాతీయాలకు అర్థం చెప్పేది కాదు. సొరంగం చివర వెలుగు అని పాఠంలో వస్తే, చీకట్లో నడిచి వెలుగు చూసినవాళ్లెవరని అడిగేది. గైడులో చూసి రాస్తే కొట్టేసేది.

మేం పదో తరగతిలో ఉండగా, ఇంట్లోనే మగ్గం నేసే ఆమె భర్త గుండెపోటుతో పోయాడు. ఆమె తిరిగి బడికొచ్చిన రోజే పాఠంలో ఆ వాక్యం వచ్చింది: ఎవ్రీ క్లౌడ్ హాజ్ ఎ సిల్వర్ లైనింగ్. ప్రతి మబ్బుకూ వెండి అంచుంటుందట, ప్రతి కష్టంలోనూ ఓ ఆశ ఉంటుందట. చదువుతున్న నేను మధ్యలోనే ఆగి మేడం వైపు చూశాను.

"చదువు బిడ్డా," అంది. చదివాను.

నా పక్కనున్న అమ్మాయి ఉండబట్టలేక అడిగేసింది. "మీరు చూసిన్రా మేడం?"

"ఇంకా చూడలే. చూసిన నాడు చెప్త," అని మేడం పేజీ తిప్పింది.

దసరా సెలవులయ్యాక ఓ నల్లటి నూలు కట్ట తెచ్చింది. మా ఊళ్లో తెల్లగా ఉండాల్సిన చోట నూలును సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఆ నూలు మీది కట్లు ఆమె భర్త పోకముందు తన చేత్తో కట్టినవి. రంగులో ముంచింది ఆమె. మా ముందే ఒక్కొక్కటీ విప్పింది. కట్టు ఊడిన చోటల్లా తెలుపు మెరిసింది.

"మా ఆయన కట్టిన కాడ నలుపెక్కలే," అంటూ నూలును అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది. "ఇగో, చూసిన."