నాలుగో పూత

రంగుల మేస్త్రి ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని కాదు, గోడల్ని చూస్తాడు. మంచినీళ్ళ గ్లాసు చేతికి వచ్చేలోగా ఆయన కళ్ళు పైకప్పు నాలుగు మూలలూ చుట్టి వస్తాయి. పదహారో ఏట సున్నం కొట్టడంతో పనిలోకి దిగాడు. సున్నాలు పోయి డబ్బా రంగులు వచ్చాయి, ఆయనకు యాభై నాలుగేళ్ళు వచ్చాయి, పేరు మాత్రం సున్నం దగ్గరే ఆగిపోయింది. వీధిలో చిన్నవాళ్ళకు సున్నం బాబాయి, తోటి పనివాళ్ళకు సున్నం మేస్త్రి. భార్య చెల్లెలు కూడా అప్పుడప్పుడు "సున్నం బావా" అంటుంది, నలుగురూ వింటున్నప్పుడు మరీను.

పనిలో ఆయనకు ఒక నియమం ఉంది. గోడ మీద చెమ్మ మరక కనిపిస్తే దాని అంచు చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసి, వారం ఆగమంటాడు. వారం తర్వాత మరక గీత దాటకపోతే గీకి, లప్పం పెట్టి, చెమ్మ ఆపే రంగు వేస్తాడు. దాటితే మాత్రం డబ్బా మూత కూడా తియ్యడు. నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో తేల్చుకున్నాక కబురు పెట్టమని చెప్పి నిచ్చెన భుజాన వేసుకుంటాడు. ఎంత పెద్దవాళ్ళ ఇల్లయినా అంతే.

తన ఇంట్లో ఆ నియమం నాలుగు రోజులు కూడా నిలవలేదు.

మరక వాళ్ళు పడుకునే నడిమి గదిలో, బీరువా పక్కన, అరచెయ్యంత కనిపించింది. గోడకు అవతల స్నానాలగది. గీత గీశాడు. నాలుగో రోజుకల్లా మరక గీత దాటి జానెడు పాకింది. ఆయన కాసేపు దాని ముందు నిలబడి, గీతను వేలితో చెరిపేసి, ఆ మధ్యాహ్నమే గీకడం మొదలుపెట్టాడు.

కారణం ఆయనకు తెలుసు. వీధిలో సగం ఇళ్ళకు రంగు వేసింది తనే. సున్నం మేస్త్రి ఇంటికి లీకులవాడు వచ్చాడన్న మాట పొద్దున పుడితే మధ్యాహ్నానికి టీకొట్టు చేరుతుంది. పైగా ఆ లీకులవాడికి పేరు పెట్టింది కూడా తనే. అతను రెండు సూదిమొనలున్న చిన్న యంత్రాన్ని గోడకు ఆనించి, లోపల చెమ్మ ఎంతుందో అంకెల్లో చూస్తాడు. "గోడకి జ్వరం చూస్తాడురా వీడు" అని మేస్త్రి ఒకరోజు పనివాళ్ళందరి ముందూ నవ్వాడు. అప్పట్నుంచి అతని పేరు థర్మామీటరు. అతను ఏనాడూ ఎదురు చెప్పలేదు.

ఎనిమిది నెలల్లో మూడు పూతలు పడ్డాయి. ప్రతిసారీ మరక కొన్ని వారాలు కనపడకుండా పోయి, ఇంకాస్త పైన, ఇంకాస్త పక్కన తేలేది. మూడోసారి అది బీరువా వెనక్కి వెళ్ళింది. అక్కడికి వెళ్ళడం మేస్త్రికి మేలనిపించింది.

ఆయన భార్య రెడీమేడ్ బట్టలు కుట్టేచోట పనిచేస్తుంది. మూడో పూత వేసిన నెలకు ఆమెకు దగ్గు పట్టుకుంది. పడుకోబోయేముందు మొదలై, తెల్లారి లేచేసరికి ఆయాసంగా మారేది. దూది నలక గొంతులోకి పోయి ఉంటుందని పక్కింటివాళ్ళు అన్నారు, పనిచేసేచోట వాళ్ళూ అన్నారు. మేస్త్రి ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. ఒకరోజు అన్నం తింటూ ఆమే అంది, "పనిలో ఉన్నంతసేపూ బాగానే ఉంటానండీ. ఇంటికొచ్చి పడుకుంటేనే ఇది." పడుకుంటే ఎవరికైనా దగ్గు ఎక్కువవుతుందన్నాడు మేస్త్రి.

ఆ తర్వాత ఆమె చెల్లెలికి కాలు బెణికితే సాయానికని నాలుగు రోజులు వెళ్ళింది. చెల్లెలు ఉండేది ఊరికి అవతలి చివర. నాలుగో రోజు సాయంత్రం వస్తానని చెప్పింది. ఆమె వచ్చేలోగా నాలుగో పూత వేసేద్దామని మేస్త్రి ఆ రోజు పనికి సెలవు పెట్టాడు.

మధ్యాహ్నం బీరువాలో బట్టలు తీసి మంచం మీద పెట్టాడు. ఖాళీ బీరువాను ఒక పక్కనుంచి నెడుతూ జరిపాడు. ముందు వాసన వచ్చింది. తడి గోనెసంచిని నెల్లాళ్ళు మూట కట్టి విప్పినట్టుంది. తర్వాత గోడ కనిపించింది.

ఆయన ఊహించింది మరక. అక్కడున్నది మరక కాదు. నేల దగ్గర్నుంచి ఆయన గుండె ఎత్తు వరకూ, బీరువా అంత వెడల్పున, నల్లటి బూజు పట్టి ఉంది. కొన్నిచోట్ల చుక్కలుగా, కొన్నిచోట్ల వెల్వెట్ గుడ్డలా దట్టంగా. ఆయన వేసిన రంగు అట్టలు కట్టి సంచిలా వేలాడుతోంది, దాని లోపల నీళ్ళు కదులుతున్నాయి. బీరువా వెనక రేకు కూడా నల్లబడింది. మంచం మీద గుట్టగా పోసిన ఆమె బట్టల వైపు చూశాడు. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అదే వాసన.

అయినా అలవాటున్న చెయ్యి ఆగదు. పని పూర్తిచెయ్యడానికి మూడు గంటలు చాలు. లప్పం ఉంది, ప్రైమరు ఉంది, రంగు ఉంది. బీరువా వెనక్కి నెట్టేస్తే ఎవరికీ తెలియదు. గీకేముందు కాస్త తుడుద్దామని తడిగుడ్డ తీసుకుని పైనుంచి మొదలుపెట్టాడు. గుడ్డ బీరువాను ఆనుకునే ఉండే స్విచ్ బోర్డు దగ్గరకు పోయేసరికి వేళ్ళనుంచి మోచేతి దాకా చీమలు పాకినట్టు జివ్వుమంది.

చెయ్యి లాక్కుని వెనక్కి తూలి, మంచం అంచున కూలబడ్డాడు.

అది పెద్ద దెబ్బ కాదు. ముప్పై ఎనిమిదేళ్ళ పనిలో అంతకంటే పెద్దవే తగిలాయి. కానీ తన భార్య రోజూ తెల్లారి లేచి, నీళ్ళ చేత్తో లైటు వేసేది ఆ బోర్డు మీదే. లేచి బయటకు వెళ్ళి మెయిన్ ఆపేశాడు.

ఫ్యాను ఆగిన గది నిశ్శబ్దమైపోయింది. గోడలో ఎక్కడో చుక్క పడుతున్నట్టు వినిపించింది. వినిపించిందో అనిపించిందో ఆయనకే తేలలేదు. మూడుసార్లు ఈ గోడను పొడిగా గీకాడు. మూడుసార్లూ ఫ్యాను తిరుగుతూనే ఉంది. గీకిన పొడిని ప్రతిసారీ చీపురుతో ఊడ్చింది ఆమె. ఎంత దుమ్మండీ అని నవ్వుతూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. రెండోసారి అదీ పెట్టుకోలేదు.

ఫోను మోగింది. మరదలు.

కాలు బాగయిందనీ, అక్క బయలుదేరబోతోందనీ చెప్పింది. వెనకాల భార్య ఎవరితోనో మాట్లాడుతూ నవ్వడం వినిపించింది. ఆ నవ్వు మధ్యలో తెగలేదు. ఆయన ఊపిరి బిగబట్టి విన్నాడు. కొన్ని నెలలుగా ఆమె నవ్వు చివర దగ్గు రాకుండా ఆయన వినలేదు.

"బావా, ఏం మందు పెడుతున్నావ్ మా అక్కకి? ఇక్కడ నాలుగు రోజులూ ఒక్క దగ్గు లేదు. నీ మొహం చూస్తేనే దగ్గొస్తోందేమో" అంది మరదలు.

"తనని ఇవాళ పంపకు" అన్నాడు మేస్త్రి.

"ఏం, నాలుగు రోజులకే స్వేచ్ఛ రుచి మరిగావా?"

"కాదమ్మా. ఇంట్లో గోడ బాగాలేదు."

"సున్నం బావ ఇంట్లో గోడ బాగాలేదా? ఎవరైనా వింటే నవ్వుతారు."

ఆయన నవ్వకపోయేసరికి మరదలు వేళాకోళం ఆపింది. గొంతు తగ్గించి, "దగ్గు దానివల్లేనా బావా?" అని అడిగింది.

"ఏమో. భయంగా ఉంది."

ఆ మాట ఆయన పెళ్ళయ్యాక ఆ కుటుంబంలో ఎవరితోనూ అని ఉండడు. అక్కకు ఏదో ఒకటి చెప్పి ఆపుతానంది మరదలు. ఏదో ఒకటి చెప్పొద్దనీ, గోడలో నీళ్ళు దిగాయని చెప్పమనీ మేస్త్రి అన్నాడు. ఎప్పట్నుంచన్నది మాత్రం చెప్పలేదు.

తర్వాత చేసిన ఫోను ఇంకా కష్టమైంది. థర్మామీటరు మొదటి రింగుకే ఎత్తి, "చెప్పన్నా" అన్నాడు. మేస్త్రి ఇంటి గుర్తులు చెప్పబోతే తెలుసులే అన్నాడు. అరగంటలో వచ్చాడు. గుమ్మంలోనే మూతికి మాస్కు కట్టుకుని, మేస్త్రికి ఒకటి ఇచ్చాడు. మెయిన్ ఆపావా అన్నదే మొదటి ప్రశ్న. ఆపానంటే తలూపాడు. గోడను చూసి సంచిలోంచి యంత్రం తీశాడు. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

అతను గోడకు చెయ్యి తగలనివ్వకుండా యంత్రం మొనలు ఆనిస్తూ పోయాడు. నల్లగా ఉన్నచోట సరే, తెల్లగా శుభ్రంగా ఉన్నచోట కూడా అంకె దిగలేదు. పైకప్పు దగ్గర, తలుపు పక్కన, మంచం తలవైపు. మేస్త్రి ఆ అంకెలనే చూస్తూ వెనకాలే తిరిగాడు. తన కంటికి బాగున్న గోడ బాగాలేదని తెలియడం ఆయనకు అదే మొదలు. ఇన్నాళ్ళూ ఎన్ని ఇళ్ళలో చూపుతోనే తీర్పు చెప్పాడో లెక్క లేదు.

స్నానాలగది వైపు టైలు ఒకటి ఊడదీస్తే కుళాయి పైపు అతుకు కనిపించింది. సన్నగా, దారంలా కారుతోంది.

"లీకు చిన్నదేనన్నా. మొదట్లో వదిలేస్తే బయటికే కారి, నీకే కనపడేది. నువ్వు పూత వేసినప్పుడల్లా దారి మూసుకుపోయింది. అది పక్కకీ పైకీ పోయి వైర్ల గొట్టంలోకి దిగింది" అన్నాడు థర్మామీటరు. నిందలా అనలేదు. మేస్త్రికి అంతకన్నా నిందే నయమనిపించింది.

ఇలాంటిది చూస్తే ఎప్పుడు ముట్టుకోకూడదో చెప్పమని మేస్త్రి అడిగాడు. అడుగుతున్నది తనేనా అన్నట్టు అతను ఒకసారి చూసి, కింద కూర్చుని చెప్పాడు. అరచెయ్యంత ఉండి, నీళ్ళు ఎక్కణ్ణించో తెలిసి, ఆపేస్తే, తడిగుడ్డతో ఎవరైనా తుడుచుకోవచ్చు. గజం దాటితే తుడవకూడదు. తుడిచాక మళ్ళీ వచ్చినా, కరెంటు దగ్గరకు పోయినా, మురుగునీళ్ళయినా పని తెలిసిన మనిషిని పిలవాలి. "ఇంట్లో ఎవరికైనా ఊపిరి బాగాలేకపోతే ఇవేమీ చూడక్కర్లేదు. అదే రోజు పిలవాలి. పొడిగా మాత్రం గీకొద్దన్నా. అది ఇల్లంతా లేస్తుంది."

మేస్త్రి తల ఊపాడు. మూడుసార్లు గీకానని చెప్పలేదు.

రెండు వారాలు గది మూతపడింది. తలుపుకు ప్లాస్టిక్ పరదా కట్టి, ప్లాస్టరు తడిపి ఊడదీసి, సంచుల్లో కట్టి తీసుకెళ్ళారు. కొత్త వైర్లు వేసేందుకు ఎలక్ట్రీషియను వచ్చాడు. మేస్త్రి వరండాలో పడుకున్నాడు. పగలు ఇతరుల గోడలకు రంగు వేస్తూ, చెమ్మ ఉందేమోనని గోడ అడుగున చెయ్యి పెట్టి చూసి, ఆ చేతినీ నమ్మలేక వెనక్కి తీసుకునేవాడు. ఒక ఇంట్లో వాళ్ళు అడిగిన రోజుకు పని అందించలేనని చెప్పి, గోడ ఎండేదాకా ఆగమన్నాడు. మరకే లేదు కదా అన్నారు వాళ్ళు.

ఆ రెండు వారాలూ చెల్లెలి దగ్గరే ఉన్న ఆమెకు దగ్గు మళ్ళీ రాలేదు గానీ ఊపిరి కుదుటపడలేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని మరదలు ఫోనులో చెప్పింది. గోడ తీసేస్తే పోతుందనుకున్నాడు మేస్త్రి. లోపలికి పోయింది లోపలే ఉండిపోతుందేమోనన్న ఆలోచన అప్పటిదాకా దగ్గరకు రానివ్వలేదు.

ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర ఆయన, ఆమె, పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. డాక్టరు నడివయసు ఆవిడ. భార్య వీపు మీద స్టెతస్కోపు పెట్టి గట్టిగా పీల్చమంది, వదలమంది, మళ్ళీ పీల్చమంది. చివర సన్నటి ఈల లాంటి శబ్దం మేస్త్రికి కూడా వినిపించింది. పనిచేసేది ఎక్కడని అడిగింది. బట్టలు కుట్టేచోట అని ఆమె చెప్పింది. అయితే నలక వల్లేనేమో, ఆ పని మానేసి చూడాలేమో అంటూ డాక్టరు రాయబోయింది. భార్య మొహం చిన్నబోయింది. ఆ పని ఆమెకు ఇష్టం. పదమూడేళ్ళుగా చేస్తోంది.

"ఇంట్లో చెమ్మ, బూజు లాంటివి ఏమైనా ఉన్నాయా?" అని డాక్టరు కాగితం మీద చూపు ఉంచే అడిగింది.

"గోడలో నీళ్ళు దిగాయండీ. రెండు వారాల క్రితం చూశాం. బాగు చేయిస్తున్నారు" అంది ఆమె.

ఊరుకుంటే డాక్టరు రెండు వారాలని రాసుకుంటుంది. దూది మీదకే పోతుంది. ఆమె పని మానేస్తుంది. ఈల అలాగే ఉంటుంది.

"రెండు వారాలు కాదమ్మా. ఎనిమిది నెలలు" అన్నాడు మేస్త్రి.

డాక్టరు తలెత్తింది.

"నాకు తెలుసు. మూడుసార్లు గీకి రంగు వేశాను. పొడిగానే గీకాను. ఊడ్చింది తనే."

భార్య ఆయన వైపు తిరగలేదు. ఒళ్ళో ఉన్న సంచి పట్టెను వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. డాక్టరు పాత కాగితం పక్కన పెట్టి కొత్తది తీసుకుంది. ఎన్ని నెలలు, ఏ గది, తల ఎటు పెట్టుకుని పడుకునేది, అన్నీ అడిగింది. మేస్త్రి అన్నిటికీ జవాబు చెప్పాడు. ఆ జవాబులు విని డాక్టరు రక్తపరీక్ష, ఊపిరి పరీక్ష రాసింది. త్వరగా వచ్చారు, ఆలస్యంగా వచ్చారు అని ఏదీ అనలేదు. పరీక్షలు చూశాక చెబుతానంది.

బయట వరండాలో ఆమె నాలుగు అడుగులు వేసి ఆయాసంతో ఆగింది. మేస్త్రి చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు. గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంది.

"ఎనిమిది నెలలు, నన్ను పక్కన పెట్టుకుని" అంది.

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గోడ ఎండిందని ఆ అబ్బాయి యంత్రం పెట్టి చెప్పేదాకా నేను రాను. మీరు చెబితే రాను." ఊపిరి అందాక, "మీరూ ఆ పరీక్ష చేయించుకోండి. గీకింది మీరే కదా" అంది.

రక్తం తీసే గది ముందు ఇద్దరూ వరసలో నిలబడ్డారు. ఆమె ముందు, ఆయన వెనక.