తాత ఓడ కదిలిన దీపావళి

మొన్న తమిళనాడు ధర్మపురిలో మా అంగడికి వచ్చిన గుగ్గిలం మూట విప్పగానే ఆ ఘాటు వాసనకు చేతిలో త్రాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. సాంబ్రాణిలో కలిపి పొగ వేసుకోవడానికి జనం కొనే ఆ గుగ్గిలం, నాకు మాత్రం మా అమ్మ పుట్టిన ఊరి వాసన. పొన్ననూనెలో మరిగి ఓడ పలకల సందుల్లోకి దిగే వాసన.

మాది నీళ్లకు మొహం వాచిన నేల. పక్కనున్న వెల్లిచందై చింతపండు, వత్తల్‌మలై కొండ సామలు తెచ్చి అమ్మే ఇల్లు. ఎనభైల్లో, బడిలో నేను "మా తాతకు కప్పల్ ఉంది" అని, ఓడ అనకుండా తమిళమాటతో గొప్పలు పోతే, "కప్పలా? మా బావిలోనూ ఉండాయి" అని తోటిపిల్లలు నవ్వేవాళ్లు. దీపావళి సెలవులకు అమ్మా నేనూ, ఒళ్లో కజ్జాయాల డబ్బా పెట్టుకుని, బస్సులు మారుతూ కడలూరు దిగువనున్న ఆ చిన్న రేవూరికి పోయేవాళ్లం. ఒకప్పుడు అక్కడి తెరచాప ఓడలు పెంకులూ ఉల్లిగడ్డలూ నింపుకుని లంకకు పోయి వచ్చేవట. పాత తెరకొయ్యలే ఆ ఇళ్ల వసారాలకు స్తంభాలు. ఆడవాళ్లు వడియాలు పెట్టేది చిరిగిన తెరచాప గుడ్డ మీదే. నేను ఎరిగేనాటికి ఏరు సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడిపోయి, మా తాత ఓడ ఒక్కటే బురదలో ఒరిగి ఉండేది. అయినా ఏటేటా వానలు ముదిరేలోపల తాతా, ఆయనతో ఓడెక్కిన ఇద్దరు ముసలివాళ్లూ పలకల సందుల్లో కొబ్బరిపీచు కూరి గుగ్గిలం పూసేవాళ్లు.

"పెద్దనీళ్లు రానీ, మొగ తెరుచుకుంటుంది" అనేవాడు తాత.

ఒక ఏడు పెద్దనీళ్లు నిజంగానే వచ్చాయి. పండగ మరునాడు పొద్దున ఏరు ఇసుకదిబ్బను కోసుకుని సముద్రంలో పడింది. బురదలోని ఓడ కదిలింది. ఊరంతా వానలో గట్టుకు చేరింది. అవ్వ ఓడ ముందుభాగానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. అమ్మ తాత చెయ్యి పట్టుకుంది.

"వద్దు నాయనా, పలకలు ఎండిపోయుండాయి."

"నేనూ ఎండిపోయినాను పాపా. ఇప్పుడు పోకుంటే ఇంకెప్పుడు పోయేది? మొగ దాటించి తిప్పుకొస్తా" అని తాత చెయ్యి విడిపించుకున్నాడు.

ఆ ఇద్దరు ముసలివాళ్లూ ఆయన వెంట ఓడెక్కారు. తెరచాప లేచింది. మాసికల గుడ్డలోకి గాలి నిండింది. ఆ ఓడ అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. నేను చప్పట్లు కొట్టాను. మొగ దగ్గర మొదటి అల ఎత్తి దించిందో లేదో, ఎంత గుగ్గిలం పూసినా, ఏళ్ల తరబడి ఎండిన పలకల సందులు విచ్చుకున్నాయి. ఓడ కుంగుతూ పక్కకు వాలి దిబ్బకు కొట్టుకుంది. కట్టుమరం తెప్పల మీద జాలర్లు పోయి ముగ్గురినీ ఒడ్డుకు తెచ్చారు. తాత వెనక్కి తిరిగి చూడలేదు.

"అన్నం ఉందా?" అని అవ్వను అడిగాడు.

అవ్వ వడ్డించింది. ఆయన ముద్ద కలిపాడు గానీ నోట పెట్టుకోలేదు.

ఓడను అలలే విప్పేశాయి. కొట్టుకొచ్చిన పలకలను ఊరివాళ్లు పొయ్యిలోకి తీసుకుపోయారు. అవ్వ కూడా ఆ కట్టెతోనే వండింది, మరేం చేస్తుంది? ఉప్పు పట్టిన ఆ కట్టె నీలంగా మండేది. తాత అటు మొహం పెట్టి కూర్చునేవాడు కాదు. మొగ మళ్లీ పూడింది. మాతో ధర్మపురికి రమ్మని అమ్మ ఎంత బతిమాలినా తాత రాలేదు. మరుసటి వానలు ఆయన చూడలేదు. అవ్వా ఎక్కువ కాలం ఉండలేదు. ఆపైన మేం ఆ ఊరికి పోవడం మానేశాం.

పోయిన ఏడు, ఒక పెళ్లికి పోతూ అక్కడ దిగాను. తాత ఇల్లు లేదు, వీధీ లేదు. ఎటు చూసినా గట్లు కట్టిన రొయ్యల చెరువులు. చేపలు ఎండబెడుతున్న ఒక పిల్లను, ఏటి మొగ ఎటువైపమ్మా అని తమిళంలో అడిగాను. ఆ పిల్ల చేతిలో గంప దించి నన్ను వింతగా చూసింది.

"ఏటి మొగా? ఇక్కడ ఏరు ఎప్పుడుండె అక్కా?"