నూటపదహారో షేరు

తెరమీద ‘రెండు’ అని ఉంది. నేను కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాను. రెండే.

“పక్కన ఇంకో అంకె చెరిగిపోయిందేమో చూడు” అన్నాను.

ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి గోదాము పై అంతస్తున కూర్చునే మా షేర్ల బ్రోకరు ఓపికగా కంప్యూటరును ఇంకాస్త నా వైపు తిప్పాడు. వాళ్ళ నాయన కాలంనుంచీ నా ఖాతా ఆ గదిలోనే ఉంది.

“గిన్లెక్కడ చెరుగుతది సాబ్? కాయిదం కాదు గద. రెండే. మీరు పెద్దోళ్ళల్ల పడ్డరు.”

“ఏ పెద్దవాళ్ళు?”

“ఫండ్లోళ్ళు, బయటి దేశాల కంపెనీలు, కోట్లున్న సేట్లు. ముబారక్ సాబ్!”

నాకు నవ్వు రాలేదు. పింఛను మీద బతికే మనిషిని, హుస్సేనీ ఆలంలో రెండు గదుల ఇంట్లో ఉండేవాణ్ణి. నేను పెద్దవాణ్ణెట్లా అయ్యాను?

సంగతి ఇది. ఒక్కోసారి కంపెనీ తన షేర్లను తానే తిరిగి కొంటుంది; దాన్ని బైబ్యాక్ అంటారు. బజారు ధరకంటే ఎక్కువ ఇస్తానంటుంది గాని, ఎన్ని కొంటుందో ముందే తేల్చి చెబుతుంది. అందరూ ఎగబడతారు గనుక ఎవరి దగ్గర ఎన్ని తీసుకోవాలో ఒక వంతు కడతారు. ఆ తోపులాటలో చిన్నవాళ్ళు నలిగిపోకుండా, కొనే షేర్లలో నూటికి పదిహేను వాళ్ళకోసం పక్కన పెట్టాలని నియమం. చిన్నవాడంటే ఎవరు? రికార్డు తేదీ అని ఒకటి ప్రకటిస్తారు. ఆ రోజు బజారు మూసే ధర చొప్పున, ఆ కంపెనీలో ఎవరి షేర్ల విలువ రెండు లక్షలు దాటదో అతడు చిన్నవాడు. ఆస్తి అడగరు, వయసు అడగరు. ఆ ఒక్క ధర చూస్తారు.

నా దగ్గర ఉన్నవి నూటపదహారు షేర్లు. రికార్డు తేదీకి ముందురోజు ముగింపు ధర 1,712. హెచ్చవేస్తే 1,98,592. గీతకు లోపలే ఉన్నాను. మర్నాడు ధర సాధారణంగా కాస్త తగ్గుతుంది; ఆ లాభానికి ఆశపడి కొనేవాళ్ళు అప్పటికి ఆగిపోతారు కదా. కాబట్టి నిశ్చింతగా నిద్రపోయాను. తగ్గవలసిన రోజున ధర పెరిగింది. 1,731 దగ్గర బజారు మూశారు. 2,00,796. ఏడువందల తొంభై ఆరు రూపాయలు నన్ను సేట్ల వరసలో కూర్చోబెట్టాయి.

చిన్నవాళ్ళ దగ్గర నాలుగు షేర్లకు ఒకటి చొప్పున తీసుకుంటున్నారు. పెద్దవాళ్ళ దగ్గర యాభై ఎనిమిదింటికి ఒకటి. ఇరవై తొమ్మిది షేర్లకు 2,200 చొప్పున రావలసిన 63,800 కాస్తా రెండు షేర్లకు 4,400 అయింది.

“ఒక్క షేరు తక్కువున్నా ఒడ్డుకు పడుతుండె సాబ్” అన్నాడు బ్రోకరు. “నూటపదిహేనుంటే లచ్చా తొంభైతొమ్మిది వేలు. నూటపదహారేంది, గది పెండ్లిల సదివించే లెక్క గద!”

ఆ మాట గుండెలో గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజం. ఇరవై ఏళ్ళ కింద వంద కొనబోతూ, మా ఆవిడ మాట మీద శుభానికని పైన పదహారు కలిపాను.

ఆ డబ్బు మీద నేను వేసుకున్న లెక్క ఒక్కటే. మా ఆవిడకు వినికిడి తగ్గింది. అఫ్జల్‌గంజ్ చెవి డాక్టరు రెండు చెవులకూ మిషన్లు పెట్టాలన్నాడు. జత అరవై వేలు. గడువు తీరకముందు ఫిక్స్‌డ్ డిపాజిట్ తెంపడం నా ఇంట ఏనాడూ జరగలేదు. బైబ్యాక్ వస్తోందంటే, అడగకుండానే దారి దొరికిందనుకున్నాను.

ఇంటికి వచ్చాక ఈ సంగతి ఆమెకు చెప్పలేకపోయాను. మా ఇంట్లో ఏది చెప్పాలన్నా అరవాలి. అరిస్తే గల్లీ అంతా వింటుంది. అంతకుముందొకసారి “బీపీ గోళీ అయిపోయింది” అని నేను కేక పెడితే, ఎదురింటి భాయ్ కిటికీలోంచి “చాచా, మా అమ్మీ గోళీలున్నయ్, పంపాల్నా?” అని జవాబిచ్చాడు. ఇక ఈ ముచ్చట అరిచి చెబితే ఏమవుతుంది?

“పైసలు వస్తయా?” అని ఆమె అడిగింది.

తల ఊపాను. ఔననో కాదనో ఆమె ఇష్టానికి వదిలేశాను.

రెండు షేర్లు కంపెనీకి ఇచ్చాను. ధర అప్పటికి 1,640కి దిగింది. మరో ముప్పై ఎనిమిది బజారులో అమ్మేశాను. వారంలో మిషన్లు వచ్చాయి. డాక్టరు అమర్చి, మాట్లాడమని సైగ చేస్తే నేను అలవాటుగా అరిచాను. ఆమె ఉలిక్కిపడి రెండు చెవులూ మూసుకుంది.

ఆ సాయంత్రం టీ తాగుతూ, ఎన్నో ఏళ్ళ తర్వాత మెల్లని గొంతుతో ఆమెకు అంతా చెప్పాను. ధరలు, వంతులు, ఆ ఏడువందల తొంభై ఆరు. చివర, ఇన్నాళ్ళూ నోటిదాకా వచ్చి ఆగిన మాట కూడా అన్నాను.

“అంతా నీ పదహారు వల్లనే వచ్చింది. వందతో ఆగి ఉంటే ఈ గీత మనల్ని తాకేది కాదు.”

ఆమె కప్పు కింద పెట్టింది.

“నేనేమన్న? సున్నా మీద ఆపకుండ్రి, ఒక్కటి కలుపుండ్రి అన్న. నూటొక్కటి. పదహారు నేనెందుకంట? నూటపదహార్లు ఒకరి చేతుల పెట్టే లెక్క. ఎవరన్న బీర్వల దాసుకుంటరా? పదహారు మీరు కలిపిన్రు.”

మనసులోనే హెచ్చవేశాను. నూటొక్కటి అయితే 1,74,831. ధర ఇంకా పెరిగినా దాటేది కాదు. షేర్లు కొన్న రోజు గుర్తుంది, ధర గుర్తుంది, బ్రోకరు తండ్రి వేసుకున్న చొక్కా కూడా గుర్తుంది. ఆమె ఒక్కటి అన్నదా? పదహారు అన్నదా? ఇరవై ఏళ్ళుగా పదహారు ఆమెదేనని నేను ఏం చూసుకుని నమ్మాను?

అయినా నా దగ్గర ఒక జవాబు ఉంది. అది గట్టి జవాబే. “చూడు...” అని మొదలుపెట్టాను.

“ఇగ సాలు” అంటూ ఆమె రెండు మిషన్లూ ఒకటొకటిగా తీసి, డబ్బీలో పెట్టి, మూత నొక్కింది.

ఎదురింటి భాయ్ కిటికీ తెరిచే ఉంది. నేను టీ తాగాను.