దేవుడి గూట్లో రెండో కీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట మా అమ్మ అనేది, మా ఆవిడ అంటుంది, రాజాంలో నా కొట్టుకి వచ్చేవాళ్లూ అంటారు. నా కోపం నన్ను తప్ప ఇంకెవర్నీ ముంచలేదని చాన్నాళ్లు ధీమాగా తిరిగాను. ముంచింది. మా అక్క కాపురాన్ని ముంచింది. ఆ సంగతి మా అక్కకి ఈ రోజుకీ తెలియదు.

మా నాన్న తాళంచెవులు చేసేవాడు. బస్టాండు దగ్గర చిరుగుల గొడుగు, దాని కింద ఒక బల్ల, బల్ల మీద నాలుగు ఆకురాళ్లు, ఒక సుత్తి, రేకు డబ్బా నిండా పాత చెవులు. ఎంత తుప్పు పట్టిన చెవి తెచ్చినా సరే, ముందు తాళంలో పెట్టి తిప్పి చూసేవాడు. ఆ తరవాతే నోరు విప్పేవాడు. "ఒరే, తాళంలో పెట్టి సూడకండా ఏ సెవినీ పనికిరాదనకు. నీ కంటికేటి తెలస్తాది? తాళానికి తెలస్తాది" అనేవాడు. చూడగానే ముక్కలైపోతుందని తెలిసే చెవిని కూడా తాళంలో పెట్టేవాడు. నాకు నవ్వొచ్చేది.

ఆయన పోయాక నేను ఆ బల్లని కొట్టు చేశాను. రెండువేల పద్నాలుగు ప్రాంతానికి మా వైపు ఊళ్లలోకి కూడా కార్లు బాగా వచ్చేశాయి. వాటి కీలతో ఆకురాయికి పనిలేదు. కారు కీలో మూడుంటాయి. తాళంలో దూరి తిరిగే ఇనప పలక ఒకటి. తలుపులు తీసి మూసే మీటలూ వాటి బోర్డూ ఒకటి. మూడోది చిప్పు, బియ్యపు నూకకి కాస్త పెద్దది. దాన్ని కారు గుర్తుపడితేనే ఇంజన్ అందుకుంటుంది, లేకపోతే పలక ఎంత తిప్పినా దండగే. ఈ చిప్పులకి కారుని అలవాటు చేసే మిషనొకటి కొని, హైదరాబాదు వెళ్లి నాలుగు రోజులు నేర్చుకొచ్చాను. రాజాం చుట్టుపక్కల అప్పటికి ఆ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తల ఎక్కడ ఉండేదో అడక్కండి, ఆకాశంలో ఉండేది.

మా అక్కని పొందూరు దగ్గర పల్లెలో ఇచ్చాం. బావకి కాస్త పొలం ఉంది గాని అది తిండిగింజలకే సరి. చాలాకాలం పరాయివాళ్ల బండ్లు నడిపి నడిపి, చివరికి ఒక తెల్ల కారు సొంతానికి తీసుకున్నాడు. శ్రీకాకుళంలో ఒక ఆఫీసుకి దాన్ని నెలవారీ అద్దెకి పెట్టాడు. పిల్లల చదువులూ, ఇంటి ఖర్చులూ, అత్తగారి మందులూ అన్నీ ఆ కారే లాక్కొచ్చేది. అక్క ఇంట్లో కూర్చుని ఖద్దరు నూలు వడికేది గాని, ఆ ఇంటికి కారే ఆధారం.

కారు తెచ్చిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాక, రెండు కీలలో ఒకటి బావ జేబులోకి వెళ్లింది. రెండోది అక్క తీసుకుని దేవుడి గూట్లో పెట్టింది. ప్రతి శుక్రవారం దాన్ని పసుపు నీళ్లతో కడిగి బొట్టు పెట్టేది.

"ఏటక్కా, శుక్రవారం శుక్రవారం తలంటు కూడా పోస్తావేటి దానికి?" అని ఎగతాళి చేశాను ఒకసారి.

"పోస్తాను, నీకేటి? బండి వాకిట్లో ఉన్నా దాని పేనం గూట్లో ఉండాల" అంది.

ఎలక్ట్రిక్ సామానుకి నీళ్లు తగలకూడదని ఆ రోజే చెప్పి ఉండాల్సింది. నవ్వి ఊరుకున్నాను.

ఊడుపుల రోజులు. పొద్దున్న తొమ్మిదైంది. బావ ఫోను చేశాడు.

"బావా, కొంప మునిగిపోనాదిరా. కీ పోనాది. మళ్లో దిగినాను, నారు అందిద్దామని. జేబులో ఉన్నాది, ఎక్కడ జారిపోనాదో తెలీలేదు. మడంతా కాళ్లతో కెలికేసినాం. దొరకలేదు."

మధ్యాహ్నం మూడింటికి ఆఫీసరుగారు టూరు బయల్దేరుతున్నారు. బండి గేటు దగ్గర ఉండాలి. ఆ నెలలో బావ అప్పటికే రెండుసార్లు ఆలస్యం చేశాడట. ఈసారి తప్పితే మర్నాటి నుంచి వేరే బండి పెట్టేస్తామని ముందే చెప్పేశారు. షోరూం వాళ్లని అడిగితే బండి లాగించుకు రమ్మన్నారు, కీ తెప్పించడానికి వారం పడుతుందన్నారు. వేరే కారైనా పంపుదామంటే శ్రావణం పెళ్లిళ్లు, తెలిసిన డ్రైవర్లెవరి దగ్గరా ఖాళీ లేదు.

"నానున్నాను కదా బావా, ఏటి బయం? పన్నెండింటికల్లా నీ బండి రోడ్డెక్కుతాది" అన్నాను. మిషను సంచీలో వేసుకుని మోటారు సైకిలు మీద వానలో బయల్దేరాను.

వెళ్లేసరికి వాకిట్లో జనం. బావ మోకాళ్ల దాకా బురదతో నుంచుని ఉన్నాడు. అక్క నన్ను చూడగానే గూట్లోంచి రెండో కీ రెండు చేతులతో పట్టుకొచ్చింది. పసుపు పొరలు పొరలుగా ఎండిపోయి ఉంది, మధ్యలో కుంకుమ బొట్టు. మీట నొక్కాను. కీ మీది చిన్న దీపం వెలగలేదు. కొత్త బ్యాటరీ వేసి నొక్కాను. వెలగలేదు. మూత విప్పి చూస్తే బోర్డు మీద పచ్చగా చిలుం.

ఒళ్లు మండిపోయింది. "పూజలు సేసి సేసి సంపేసినావు కదక్కా దీన్ని! ఎవరైనా రిమోటుకి అబిషేకం సేస్తారేటి? బుద్దుండొద్దా?" అని అరిచాను. వాకిట్లో అందరూ వింటుండగానే.

"ఒలమ్మో, నానేటి సేసినాన్రా... పసుపు నీల్లే కదా" అంది అక్క. మొహం మాడిపోయింది.

ఇనప పలక మాత్రం బాగుంది. చిన్న మేకుతో పిన్ను కొట్టి పలక ఊడదీశాను. నేను తెచ్చిన, కొత్త చిప్పున్న రిమోటులో బిగించాను. మిగిలిన డొల్లని అరుగు మీదకి విసిరేశాను. అది దొర్లి కింద పడింది. అక్క వంగి తీసుకుని కొంగుతో తుడిచింది.

"ఒక్కసారి దీన్ని కూడా బండిలో పెట్టి సూడరాదేటి తమ్ముడా?"

"సచ్చినదాన్ని పెట్టి ఏటి సూస్తాను? నువ్వు లోపలికెల్లు ముందు. నా పని నన్ను సేసుకోనీ" అన్నాను.

అక్క లోపలికి వెళ్లలేదు. డొల్లని గుప్పిట్లో పట్టుకుని గుమ్మంలో నుంచుంది.

స్టీరింగు కింద వైరు తగిలించి మిషను పెట్టాను. కారు జ్ఞాపకంలో రెండు కీలున్నాయని చూపించింది. పనిచేసే కీ ఏదైనా చేతిలో ఉందా అని అడిగింది. లేదు అని నొక్కాను. అయితే పాత కీలన్నీ చెరిపేసి మొదట్నుంచీ నేర్పాలి, మళ్లీ వెనక్కి రావు, సరేనా అని అడిగింది. సరే అని నొక్కాను. రెండు కాస్తా సున్నా అయింది. బావకి బొటనవేలెత్తి చూపించాను. ఆయన పరుగున నూతి దగ్గరకెళ్లి స్నానం చేసి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు.

కొత్త కీని నేర్పడం మొదలెట్టాను. మిషను సగం దాకా వెళ్లి ఆగిపోయింది. కుదరలేదంది. పది నిమిషాలు ఆగి మళ్లీ చేయమంది. ఆగాను. మళ్లీ చేశాను. మళ్లీ సగంలోనే పోయింది. అప్పుడు చూశాను, కారు మీటరు దీపాలు గుడ్డిగా వెలుగుతున్నాయి. బ్యాటరీ పాతది. ఇంజన్ లేకుండా ఇంతసేపు స్విచ్చి వేసి ఉంచితే పడిపోదా మరి? ముందుగా వేరే బ్యాటరీ తగిలించుకోవాలని నాలుగు రోజులు చెవినిల్లు కట్టుకుని చెప్పారు నాకు. తొందరలో మర్చిపోయాను.

పక్కింటి ట్రాక్టరు బ్యాటరీ మోసుకొచ్చి తగిలించాం. ఈసారి కారు మిషనుకి జవాబే ఇవ్వడం మానేసింది. ఏది నొక్కినా సమాధానం లేదు. ఒంటిగంట దాటింది. వైరు పీకి పెట్టాను, ఫ్యూజులు తీసి వేశాను, హైదరాబాదులో నేర్పినాయనకి ఫోను చేశాను. ఎత్తలేదు. చెమటకి చేతుల్లోంచి మిషను జారిపోతోంది. దేవుడా, ఒక్కసారి, ఈ ఒక్కసారి అని గొణుక్కుంటున్నాను. దేవుణ్ణి అంతకుముందు అంతలా ఎప్పుడూ పిలవలేదు.

బావ అరుగు మీద కూర్చున్నాడు. చొక్కా నలగకుండా వీపు ఆనించకుండా కూర్చున్నాడు. రెండున్నరకి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

"వస్తన్నాను సార్. దార్లో ఉన్నాను సార్" అన్నాడు. నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

మళ్లీ ఫోను. మళ్లీ అదే మాట. మూడు దాటాక ఇంకోసారి మోగింది. బావ విని, పెట్టేసి, చొక్కా పై గుండీ విప్పుకున్నాడు.

ఎందుకో అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. తాళంలో పెట్టి చూడకుండా. మీటల బోర్డు చస్తే మీటలు చస్తాయి. చిప్పుకి బ్యాటరీ అక్కర్లేదు, బోర్డూ అక్కర్లేదు. ఆ కారు కీలో అది విడిగా గాజు గొట్టంలో, డొల్ల మూలన గుచ్చి ఉంటుంది. గాజులోకి నీళ్లు దూరవు. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేసి ఉంటే ఈపాటికి నన్ను నేను క్షమించుకునేవాణ్ణి.

అక్క గుప్పిట్లోంచి డొల్లని లాక్కున్నాను. చిప్పులు చదవడానికి మిషనుకి ఒక కన్నం ఉంటుంది, అందులో పెట్టాను. టక్కుమని అంకెలు పడ్డాయి. బతికే ఉంది. శుభ్రంగా, లక్షణంగా బతికి ఉంది. డొల్లని స్విచ్చి పక్కన పట్టుకుని పలక తిప్పాను. కారు కీని గుర్తుపట్టలేదని చెప్పే ఎర్ర దీపం అలాగే కొట్టుకుంటోంది. ఎందుకు కొట్టుకోదు? దాన్ని కారు జ్ఞాపకంలోంచి చెరిపేసింది నేనే కదా! పదకొండింటికి అక్క అడిగినప్పుడు ఈ డొల్లని అక్కడ పట్టుకుని తిప్పి ఉంటే ఇంజన్ ఒక్క పెట్టున అందుకునేది. పన్నెండింటికి బావ శ్రీకాకుళంలో ఉండేవాడు.

నా చేతులు నరుక్కోవాలనిపించింది. నిజంగా.

"ఏటన్నాది తమ్ముడా మిషను?" అక్క అద్దం దగ్గరకి వంగి అడిగింది. ఆమె వెనక బావ, అత్తగారు, ఊళ్లోవాళ్లు. అందరి కళ్లూ నా మీదే.

నోట్లోంచి వచ్చేసింది. "సచ్చిపోనాదక్కా. పసుపు నీల్లకి."

అక్క అక్కడే నేల మీద కూలబడింది. బావ ఆమె వైపు తిరిగాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఒక్క మాట తూలని మనిషి, "నీ పూజలు తగలెయ్య" అన్నాడు. అత్తగారు అందుకుని ఇంకో పది అంది. నేను మిషను సంచీలో సర్దుకున్నాను. నోరు తెరవొచ్చు. ఒక్క మాట చాలు. తెరవలేదు. భయమేసింది. బావ చెయ్యి చేసుకుంటాడని కాదు. రాజాంలో ఆ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కదా, ఆ పేరు పోతుందని. థూ, నా బతుకు.

మర్నాటి నుంచి ఆఫీసుకి వేరే బండి వెళ్లింది. మా కారుని లాగించుకెళ్లి షోరూంలో బాగు చేయించేసరికి రెండు వారాలు పట్టింది. అద్దెకి పెట్టుకుంటామన్నవాళ్లు మళ్లీ దొరకలేదు. ఏడాది చూసి బావ కారు అమ్మేశాడు. మద్రాసు వెళ్లి ఎవరిదో లారీ నడుపుతున్నాడు. పండక్కి వస్తే వస్తాడు, లేకపోతే లేదు. మొగుడి బండిని నీళ్లు పోసి చంపిన మనిషని అత్తగారు పోయేదాకా అక్కని దెప్పుతూనే ఉంది.

చెబుదామని చాలాసార్లు వెళ్లాను. ప్రతిసారీ అన్నం పెడుతుంది, నేను తినేసి వచ్చేస్తాను. కారు కీలు ఇప్పటికీ చేస్తున్నాను. ఎవరు ఎలాంటి డొల్ల తెచ్చినా ముందు కారులో పెట్టి చూస్తాను. మా నాన్న బతికుంటే ఇప్పుడు ఆయన నవ్వేవాడు.

మొన్న వెళ్లినప్పుడు దేవుడి గూట్లో ఆ డొల్ల కనిపించింది. పలక లేదు, కారు లేదు, అది మాత్రం ఉంది. పసుపు లేదు, బొట్టు లేదు. మెరుస్తోంది.

"ఇంకా ఉంచినావేటక్కా?"

"ఉంచనా మరి? నా సేత్తో సంపేసినాను కదా" అంది. నూలు వడికే దూది చిన్న ముక్క తీసి డొల్లని మెల్లిగా తుడిచింది. "ఇప్పుడు నీల్లు తగలనివ్వట్లేదు తమ్ముడా. పొడి దూదితోటే తుడస్తన్నాను. బుద్దొచ్చినాది నాకు. ఇలగ సేస్తే మంచిదే కదా?"

"మంచిదేనక్కా" అన్నాను.