మామా వెంట కొండల మీది సంతకి

జూలై నెలలో కువైట్‌లో స్వెట్టరు కావాలని అడిగితే షాపువాడు మనల్ని ఎగాదిగా చూస్తాడు. బయట కారు తలుపు పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటోంది. నేనేమో ఊలు స్వెట్టర్లు రెండు, మేజోళ్ళు నాలుగు జతలు కొనుక్కుని బయటికొచ్చాను. మా ఇంటి డ్రైవరు జగిత్యాల వైపు అతను. సంచిలోకి తొంగిచూసి నవ్వాపుకోలేకపోయాడు.

"గిదేందక్కా, గీ ఎండల స్వెట్టర్లా?"

"మామాతో ఇథియోపియా వెళ్తన్నాను తమ్ముడూ. అక్కడ కొండల మీద ఇప్పుడు వానలంట, చలంట."

"మామాకు ఆడేం పని?"

"చుట్టపుచూపుకే" అన్నాను. నిజానికి అంతే.

సల్వాలో ఒక కువైటీ వాళ్ళింట్లో పదకొండేళ్ళుగా వంట చేస్తున్నాను. మాది కోనసీమ. మామా అంటే మా యజమానురాలు. ఇక్కడ ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళందరం యజమానురాలిని అలాగే పిలుస్తాం. ఆవిడకి డెబ్బై దాటాయి. మోకాళ్ళు అరిగిపోయాయి, షుగరుంది. మొండితనం మాత్రం ఏమీ అరగలేదు.

నేను కొత్తగా వచ్చినప్పటికే ఆ ఇంట్లో ఇథియోపియా ఆవిడ ఒకామె ఉండేది. బియ్యం ఎక్కడ, మసాలాలెక్కడ, ఎవరికి కోపమెక్కువ, అన్నీ ఆమే చెప్పింది. అరబ్బీ కూడా ఆమే నేర్పింది. మొదట నేర్పిన మాట 'ఉఖ్తీ', అంటే నా తోబుట్టువు. అప్పటినుంచీ నాకామె ఉఖ్తీ, ఆమెకి నేను ఉఖ్తీ. మామా మనవల్ని ఎత్తుకు తిప్పి, పద్నాలుగేళ్ళు చేసి, ఇక ఖలాస్ అనుకుని నాలుగేళ్ళ కిందట వెళ్ళిపోయింది. తన ఊళ్ళో సంత పక్కన కాఫీ కొట్టు పెట్టుకుంది. ప్రతి శుక్రవారం మామా ఫోనుకి గొంతు రికార్డు చేసి పంపేది. ఒక శుక్రవారం, "కొత్తగా ఒక గది కట్టాను మామా, మీరొచ్చి చూడాలి" అంది.

ఎవరైనా అలాగే అంటారు. విన్నవాళ్ళు 'ఇన్షా అల్లా' అని ఊరుకుంటారు. మామా ఊరుకోలేదు.

కొడుకులు ముగ్గురూ నవ్వారు. పెద్దాయన, "అమ్మా, లండన్ తీసుకెళ్తాం, అక్కడా చల్లగానే ఉంటుంది" అన్నాడు.

"లండన్‌లో నాకెవరున్నారు?" అంది మామా.

చివరికి ఒప్పుకుని టిక్కెట్లు కొన్నారు. ఆవిడకి రోజూ ఇంజక్షన్ చెయ్యడానికి, లేవదియ్యడానికి నన్ను తోడు పంపారు.

అడిస్ అబాబాలో దిగి, మాట్లాడుకున్న కారులో ఐదు గంటలు ఎక్కుతూనే ఉన్నాం. మా కోనసీమలో నేల అరచెయ్యిలా ఉంటుంది. అక్కడ పొలాలు కూడా పక్కకి ఒరిగి ఉన్నాయి. దారంతా గాడిదలు, తెల్ల శాలువాలు కప్పుకున్న మనుషులు. చెవులు దిబ్బళ్ళు వేశాయి. నాలుగడుగులు వేస్తే నాకే ఆయాసం వస్తోంది, మామా సంగతి చెప్పేదేముంది. అయినా అద్దం దించి, ఆ తడి గాలికి మొహం పెట్టుకుని కూర్చుంది.

ఊరు దగ్గరపడేకొద్దీ ప్రతి ఇంటి వెనకా అరటి తోటలు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఉఖ్తీ ఎదురొచ్చి నన్ను కావలించుకోగానే నేనడిగిన మొదటి మాట, "ఇన్ని అరటి చెట్లున్నాయి, ఒక్క గెలా లేదేం?"

ఆమె పడీపడీ నవ్వింది. "అది అరటి కాదు ఉఖ్తీ. పళ్ళు తినం. దాని దుంప, బోదె తురిమి, గోతిలో పూడ్చి, పులిశాక రొట్టె చేసుకుంటాం."

నాలుగు రోజులు తిన్నాను ఆ రొట్టె. మొదటి రోజు వాసనకి ముక్కు మూసుకున్నాను. మూడో రోజు అడిగి పెట్టించుకున్నాను. ఆ ఊళ్ళో పండగ భోజనమంటే వెన్న కలిపిన పచ్చి గొడ్డుమాంసమట. నేను తిననని ఉఖ్తీకి తెలుసు కాబట్టి నాకు ఆకుకూర, విరిగిన పాల ముద్ద విడిగా చేయించింది. సల్వాలో ఒకే వంటింట్లో ఏడేళ్ళు వండుకున్న మనుషులం, ఒకరి కడుపు సంగతి ఒకరికి తెలియదా.

అన్నిటికంటే వింత మామాని చూడడం. కుర్చీ వేసి కూర్చోబెడితే, కాఫీ గింజలు వేయిస్తున్న ఉఖ్తీని చూస్తూ, ఖాళీగా ఉన్న చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఇంట్లో 'యల్లా', త్వరగా కానియ్యండి, అనే హక్కు ఆవిడకి లేదు. ఉఖ్తీ వాళ్ళమ్మ, మామా వయసే ఉంటుంది, నేల మీద పచ్చగడ్డి పరిచి మూడు విడతల కాఫీ పోసింది. మూడోది తాగకుండా లేస్తే తప్పట. మామా మూడూ తాగి, ఆ రోజు మధ్యాహ్నం కునుకు లేక అటూఇటూ దొర్లింది.

వారానికి రెండు సంతలు. మేం వెళ్ళిన మర్నాడే బుధవారం సంత. రాత్రి కురిసిన వానకి దారంతా బురద. ఉఖ్తీ ముందే రెండు జతల గమ్ బూట్లు తెచ్చిపెట్టింది. నల్ల అబాయా, కింద ఆకుపచ్చ గమ్ బూట్లు, చేతిలో కర్ర. ఆ వేషంలో మామాని ఫొటో తీసి డ్రైవరుకి పంపాను. వెంటనే, "అక్కా, కొడుకులకు చూపియ్యకు" అని రాశాడు.

సంతలో అడుగు పెట్టామో లేదో, వెల్లుల్లి రాశి వెనకనుంచి ఒక గొంతు. "మామా, షలోనిచ్?" అని. ఎలా ఉన్నావని పలకరింపు, అచ్చం కువైటీ యాసలో. మామా ఉలిక్కిపడి తిరిగింది. ఆ అమ్మాయి కువైట్‌లోనే, జాబ్రియాలో ఆరేళ్ళు చేసిందట. ఆమె అరుపుకి ఇంకొకామె, ఆమె వెనక మరొకామె. ఒకరు జెడ్డా, ఒకరు బేరూత్, ఒకరు దుబాయి. సగం సంతకి అరబ్బీ వచ్చు. అంతా మా వంటింటి అరబ్బీ, 'తే', 'పెట్టు', 'అయిపోయింది', 'పిల్లాడు ఏడుస్తున్నాడు' అనే రకం. నేను ఇద్దరితో బంగాళదుంపలు బేరమాడాను. మామా పెళ్ళికొచ్చినట్టు మొహం వెలిగించుకుని, అందరినీ పిల్లలెంతమందని అడుగుతూ నడిచింది.

ఉల్లిపాయల వరసలో ఒకామె ఒంటరిగా కూర్చుని ఉంది. ముప్పై ఐదేళ్ళుంటాయి. మామా వంగి ఒక ఉల్లిపాయ తీసి, "ఎంత?" అంది.

"నీకు అమ్మను" అంది ఆమె. చక్కటి అరబ్బీ. తల ఎత్తలేదు.

మామా హాస్యమనుకుని నవ్వింది. "ఎందుకమ్మా?"

"కువైట్ వాళ్ళకి అమ్మను."

ఉఖ్తీ వాళ్ళ భాషలో గట్టిగా ఏదో అంది. ఆమె ఉల్లిపాయలు సర్దుకుంటూనే ఉంది. మామా ఉల్లిపాయని తీసినచోటే పెట్టింది. నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరి పక్షాన సిగ్గుపడుతున్నానో కూడా తెలియలేదు.

మేం పది అడుగులు వేశామో లేదో, వాన. చినుకూ గినుకూ లేకుండా కుండపోతే. జనం మూటలెత్తుకుని పరుగు. మామా బూటు బురదలో దిగబడిపోయింది. నేను ఒక చెయ్యి, ఉఖ్తీ ఒక చెయ్యి లాగుతున్నాం, బూటు రాదు, మామా రాదు. ఇంతలో ఆ ఉల్లిపాయలామె వచ్చింది. మామాని నడుం దగ్గర పట్టుకుని ఒక్క గుంజు గుంజి తన పట్టా కిందికి తీసుకుపోయింది. మా వైపు ధాన్యం మీద కప్పే బరకం లాంటిదే, నీలం రంగుది. ఉఖ్తీ కొట్టు మూయడానికి పరిగెత్తింది. పట్టా కింద మేం ముగ్గురం, ఉల్లిపాయలు.

మామా తడిసిన మొహం తుడుచుకుంది. తర్వాత అడిగింది. "ఎక్కడ చేశావు?"

"జహ్రాలో. రెండేళ్ళు."

"కొట్టారా?"

"లేదు. తిండి పెట్టారు. ఫోను మాత్రం వాళ్ళ బీరువాలో ఉండేది. ఆఖరిసారి మాట్లాడినప్పుడు మా అమ్మకి జ్వరమని మావాళ్ళు చెప్పారు. ఆమె పోయిన సంగతి ఆ ఇంటివాళ్ళు నాకు నెల తర్వాత చెప్పారు. ఆ నెలంతా ఆమెకి జ్వరం తగ్గాలని రోజూ దేవుణ్ణి అడిగాను."

ఆమె ఏడవలేదు. సంత లెక్కేదో చెప్పినంత మామూలుగా చెప్పింది. మామా, "అల్లా ఆమెని కరుణించుగాక" అంది. నేను నా బూట్లు చూసుకుంటూ నిలబడ్డాను. వాన తగ్గాక ఆమె పట్టా ఎత్తి పట్టుకుంది. మేం బయటికొచ్చాం. ఉల్లిపాయలు మాత్రం అమ్మలేదు.

మర్నాడు పొద్దున ఉఖ్తీ ఇంటి అరుగు మీద ఎండలో మామా మోకాళ్ళకి నూనె రాస్తున్నాను. ఆవిడ ఉన్నట్టుండి అడిగింది.

"మన ఇంట్లో నీ ఫోను నేనెప్పుడైనా తీసుకున్నానా?"

లేదు అనడం చాలా తేలిక. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నిన్నటి పట్టా కింద నేనూ ఉన్నాను.

"మొదటి ఆరు నెలలు" అన్నాను. "శుక్రవారం గంటసేపు ఇచ్చేవారు."

"నాకు గుర్తులేదు."

"నాకు గుర్తుంది మామా."

ఆవిడ నా వైపు చూడలేదు. ఎదురుగా ఉఖ్తీ వాళ్ళమ్మ గాడిదకి మేత వేస్తుంటే అటే చూస్తోంది. కాసేపటికి, "ఆ మోకాలు అయిపోయింది, ఇటుది రాయి" అంది. రాశాను. ఆవిడ క్షమించమని అడగలేదు. అడిగి ఉంటే నేనేం చెప్పేదాన్నో నాకు తెలియదు. అయితే పదకొండేళ్ళలో మొదటిసారి ఆవిడ దగ్గర నేను నిజం నిజంలా చెప్పాను. రోజంతా ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. ఉఖ్తీకి చెబితే, "నేను చెప్పాల్సిన మాట నువ్వు చెప్పేశావు" అని నా బుగ్గ గిల్లింది.

శనివారం మళ్ళీ సంత. ఉఖ్తీ కొట్టులో జనం ఎక్కువగా ఉన్నారు. మామా తన కర్ర తీసుకుని బూట్లు తొడగమంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. తిన్నగా ఉల్లిపాయల వరసకి నడిచి, ఆమె ఎదురుగా ఉన్న గోనెసంచి మీద చతికిలబడింది. కూర్చోవడం సరే, లేవడమెలాగని నాకు అప్పుడే బెంగ మొదలైంది.

ఆమె ఒకసారి చూసి, "అమ్మనని చెప్పానుగా" అంది.

"కొనడానికి రాలేదు" అంది మామా.

"మరి?"

"కూర్చుందామని."

ఆమె భుజాలెగరేసి తన పని చూసుకుంది. వానకి తడిసిన ఉల్లిపాయల్లోంచి కుళ్ళినవి ఏరుతోంది. కాసేపయ్యాక మామా చెయ్యి చాచి ఏరడం మొదలుపెట్టింది. వేళ్ళకి మూడు ఉంగరాలు. నేను సల్వా ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ ఉల్లిపాయ ముట్టుకోవడం చూడలేదు.

"అది కాదు" అంది ఆమె. "అది బాగానే ఉంది, ఇటివ్వు. నొక్కి చూడాలి. మెత్తగా ఉంటే పారెయ్."

మామా నొక్కి చూసింది. "ఇది?"

"పారెయ్."

"ఇది?"

"పైపొర తీసి చూడు. కళ్ళు కనబడవా?"

మామాతో అలా మాట్లాడినవాళ్ళని నేనెరగను. మామా మాత్రం బుద్ధిగా పొర తీసి చూసింది. నాకు నవ్వొచ్చి పక్కకి తిరిగాను. ఆమె నన్ను పట్టేసింది. "నువ్వెందుకు నిలబడ్డావు? చేతుల్లేవా?"

నేనూ కూర్చున్నాను. ముగ్గురం ఏరాం. మధ్యలో ఆమె తనకి ఇద్దరు ఆడపిల్లలని చెప్పింది. మామా తన చిన్నకోడలి గురించి, ఇంట్లో నా ఎదుట ఎన్నడూ అనని మాటలు చెప్పింది. రాశి అయ్యేసరికి మధ్యాహ్నమైంది. మామాని లేపడానికి నేను, ఆమె, పక్కన వెల్లుల్లి అమ్మే అమ్మాయి, ముగ్గురం కావలసి వచ్చింది. వచ్చేటప్పుడు ఆమె ఏమీ ఇవ్వలేదు, మామా ఏమీ అడగలేదు. "వాన రాకముందే వెళ్ళండి" అంది, అంతే.

కువైట్ వచ్చాక మామా మోకాళ్ళు గుమ్మడికాయల్లా వాచాయి. ఐదు రోజులు మంచం దిగలేదు. డాక్టరు వచ్చి వెళ్ళాక పెద్దకొడుకు నన్ను హాల్లో నిలబెట్టి, ముసలావిణ్ణి బురదలో ఎందుకు తిప్పావని కేకలేశాడు. నేను తల వంచుకుని వింటున్నాను. గదిలోంచి మామా గొంతు వినబడింది.

"దాన్నేమీ అనకు. అది నా వెంట వచ్చింది. వెళ్ళింది నేను."

ఆయన ఆగిపోయాడు. నేను వంటింట్లోకి వెళ్ళి ఆవిడకి జావ పెట్టాను.