అమ్మ మాటల గీత

ఈ ఉదయం అలమరలో పాత పాఠ్యపుస్తకం తెరిస్తే మడతపెట్టిన గుండ్రటి కాగితం ఒకటి జారి ఒళ్లో పడింది. ఎర్ర సిరా, గ్రీజు కలిసిన నాన్న యూనిఫాం వాసన దానికి ఇంకా అంటుకునే ఉంది. మనుషుల మనసుల్ని అంకెల్లోకీ, అంకెల్ని గీతల్లోకీ మార్చి చూపించే సైకాలజీ ప్రొఫెసర్ని నేను. ఎక్కడ నేర్చుకున్నారని పిల్లలడిగితే యూనివర్సిటీ పేరు చెప్పి తప్పించుకుంటాను గానీ, నేర్చుకున్నది ఉత్తరాదిన నాన్న పనిచేసిన ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, కద్మా క్వార్టర్లలో, మా వంటింటి గడప మీద.

ఫర్నేసు వేడిని రోజంతా ఎర్ర ముల్లు గీసిన ఆ కాగితాల్ని పనైపోయాక నాన్న ఇంటికి తెచ్చేవాడు. అమ్మ వాటిని ఊరగాయ జాడీల కింద పరిచేది, నేను వెనకవైపు బొమ్మలేసేదాన్ని. చలికాలం ఎండలో అమ్మా, పక్క క్వార్టరు సూరమ్మ పిన్నీ బఠాణీలు ఒలుస్తూ, ఛఠ్ పండక్కి ఎదురింటి బీహారీవాళ్లిచ్చిన ఠేకువా తీపి బిళ్లలు కొరుకుతూ, శ్రీకాకుళం కబుర్లలో పడితే మధ్యాహ్నం ఎలా గడిచేదో తెలిసేది కాదు.

పిన్నివాళ్లకు బదిలీ అయింది. అమ్మ మాట తగ్గిపోయింది. పదేళ్లదాన్ని, భయమేసింది. రోజూ దీపం పెట్టిన దగ్గర్నుంచి అన్నాలయ్యేదాకా అమ్మ ఎన్నిసార్లు నోరు విప్పిందో లెక్కపెట్టి, కాగితం వెనక చుక్కలు పెట్టి కలిపాను. ఒకనాడు నాన్న అదేమిటో నన్నడిగి తెలుసుకుని, ఫర్నేసు కాగితంలాగే వెలుతురుకి పట్టి చూశాడు.

"ఇదేటే, పిన్ని ఎల్లిపోయి నెలైపోనాది కదా, గీత ఇంకా దిగిపోతందేటి?"

"పతా నహీ, నాన్నా," తెలీదన్నాను హిందీలో.

ఆయన నావైపే చూశాడు. "మీ అమ్మ అడిగినా ఇలాగేనేటి జవాబిత్తన్నావు?"

కోప్పడలేదు. బడిలో, వీధిలో నాకు హిందీయే. అమ్మకు వచ్చింది బజారుకు సరిపడేంతే. తను తెలుగులో అడిగిన ప్రతిదాన్నీ నేను హిందీలో ఒక్క ముక్కతో తుంచేస్తున్నాను, తుంచేసి పక్కన కూర్చుని లెక్క రాస్తున్నాను.

మర్నాడు సాయంత్రం "ఏటి వండుతున్నావమ్మా?" అన్నాను. అమ్మ గరిటె పక్కన పెట్టి నావైపు తిరిగింది. తర్వాత వంకాయ దగ్గర మొదలుపెట్టి తన చిన్నప్పటి నాగావళి వరద దాకా వెళ్లింది.

ఇప్పుడు ఫర్నేసు వేడి కంప్యూటరు తెర మీద కనిపిస్తుందట. ఆ కాగితాలు లేవు, నాన్న లేడు, నన్ను "ఏటే" అని పిలవడానికి అమ్మా లేదు. ఈ ఉదయం దొరికిన కాగితం వెనక, నా గీతలో ఆఖరి చుక్క కాస్త పైకి లేచింది, ఆ తర్వాత అంతా ఖాళీ. ఇలా సగంలో వదిలేసిన గ్రాఫుకి నా క్లాసులో మార్కులు కోసేస్తాను. కానీ ఆ సాయంత్రం నుంచి అమ్మ మాట్లాడుతూనే ఉంది. నేనే లెక్కపెట్టడం మరిచిపోయాను.