గోడపిల్ల మొదటి మ్యాచ్

వీధిలో అందరూ ఆమెను గోడపిల్ల అంటారు. బడికి వెళ్లదు, వంటింటి బల్ల దగ్గర అమ్మే చదువు చెబుతుంది. లెక్కలు ముగియగానే వాలీబాల్ పట్టుకుని పెరటి గోడ మీదికి దండెత్తుతుంది. గోడకే ఆయాసం వచ్చి రెండుసార్లు సున్నం రాల్చుకుంది. ఇందులో అబద్ధం ఉంటే సగమే. పదిహేనేళ్లకే గుమ్మానికి తల తగిలే పొడవు, ముంజేతుల మీద చెరగని ఎర్రమచ్చలు. ఇంట్లో చదివేవాళ్లు కూడా బడి జట్టులో ఆడొచ్చని బడివాళ్లు ఈ ఏడే ఒప్పుకున్నారు. దరఖాస్తులో ప్రధానోపాధ్యాయుల సంతకం ఉండాల్సిన చోట అమ్మే సంతకం చేసింది. తరగతిలో ర్యాంకు దగ్గర ‘ఒకటి’ అని రాసింది. అది చూసి బడి జట్టు కోచ్ పడీపడీ నవ్వి, "ఒక్క ఆట చూస్తా. నచ్చితేనే జట్టులోకి" అన్నాడు.

ఆటలో ఏ బంతి వచ్చినా తనదే అనుకుంది గోడపిల్ల. కుడిదీ, ఎడమదీ, చివరికి కెప్టెన్ ముక్కు మీదిదీ. ఇద్దరూ ఢీకొని కింద పడ్డారు.

"మేమేమన్నా స్తంభాలమా? మీ ఇంట్లో ఇంకెవరూ బంతి తీయరా?"

"తీయరక్కా. నేనొక్కదాన్నేగా!"

కెప్టెన్ కోపం సగంలోనే ఆగిపోయింది. "ఇక్కడ ఆరుగురం ఉన్నామే. నాకు దగ్గరైతే ‘నీదే’ అని వదిలెయ్."

తర్వాతి బంతి ఇద్దరి మధ్యకే వచ్చింది. గోడపిల్ల కాళ్లు ఉరకబోయాయి. చేతులు వెనక్కి కట్టేసుకుని, రెండు వీధుల పావురాలు లేచిపోయేలా "నీదే అక్కా!" అని అరిచింది. కెప్టెన్ దాన్ని అందుకుని, ఆమె కోసమే మెత్తగా పైకి లేపింది. తన కోసం ఒకరు బంతి పంపడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. నోరు తెరిచి చూస్తూ నిలబడింది. బంతి పాదాల దగ్గర పడింది.

"కొట్టడానికే తల్లీ, చూడ్డానిక్కాదు!" అంటూ పకపకా నవ్విన కెప్టెన్, కోచ్ వైపు తిరిగి కేకేసింది. "సార్, ఈ పొడుగుదాన్ని రాసేసుకోండి. మాకు కావాలి!"